బ్లాస్టింగుకు పడ్డది లెక్కకు రాదు

మా మొదటి ఫౌజును ఎలుకలు తిన్నయి.

బియ్యపు గింజలకు రంగేసి, అట్టముక్కల మీద ఫెవికాల్ తోని వరుసగ నిలబెట్టినం. ఒక గింజ ఒక మనిషి. ఒక అట్టముక్క ఒక దండు. తెల్లారి లేచి చూస్తె ఢిల్లీ ఫౌజు లేదు. ఉత్త అట్టలున్నయి, వాటి మీద ఎలుక పండ్ల గాట్లున్నయి.

మా ఇంటామె లింగవ్వ చీపురు పట్టుకొని నిలబడి ఒక్కటే నవ్వుడు. "గంత దూరం నుంచి గుర్రాలేసుకొని వచ్చి మా ఇంట్ల ఎలుకలకు ఓడిపోయిండ్రా? రేషన్ బియ్యం ఫౌజు గట్లనే ఉంటది మరి."

నేను నవ్విన. సామ్యేలన్న నవ్వలే. ఆయనకు టైం తక్కువున్నది.

సామ్యేలన్న సర్వే ఆఫీసుల చేసి రిటైరైండు. బొగ్గుబాయి నక్షలు గీసుడు ఆయన పని. నేను టింబర్‌మెన్‌ను. బాయిల కప్పు కూలకుంట కట్టెలు నిలబెట్టుడు నా పని. ఆయన పైన కూసోని గీసిన తొవ్వలల్ల నేను కింద తిరిగిన. దోస్తాన్ గట్ల కుదిరింది. ఆయన భార్య సుగుణమణి వదినె పోయినంక ఒక్కడే ఉంటుండె. బిడ్డ రెజీనా గోలేటిల టీచరు. షుగరు ఆయన కుడికన్ను ఎప్పుడో తీస్కపోయింది. ఎడమ కన్నుల గూడ నెత్తురు చిమ్ముతున్నదని, సూదులేస్తె చూపు నిలబడితె నిలబడుతదని డాక్టరు చెప్పిండట.

ఆ ఒక్క కన్నుతోనే ఫోనుల ఈ ఆట చూసిండు. ఎక్కడెక్కడి దేశాలల్లనో పెద్ద మనుషులు బల్ల మీద గుట్టలు, వాగులు, ఊర్లు చేస్తరట. గింజంత సిపాయిలను పెట్టి, పాచికలేసి, పాత కాలం లడాయిలు ఆడుతరట. ఎవ్వల దేశం లడాయి వాళ్ళు ఆడుతున్నరు, మన దిక్కుది ఎవ్వడు చేస్తలేడు అని ఆయనకు పట్టుకున్నది.

"ఏడువందల ఏండ్ల కింద ఢిల్లీ ఫౌజు ఓరుగల్లు మీదికి వచ్చింది," అన్నడు. "అది పుస్తకాలల్ల ఉన్నది. దారిల ఒక చిన్న కోట ఉండెననుకో. అది పుస్తకాలల్ల లేదు, నేను అనుకున్నది. కోటల పిడికెడు మంది. వాళ్ళ ఎనుక ఊరోళ్ళు బండ్లు కట్టుకొని గోదారి దిక్కు ఉరుకుతున్నరు."

"కోటోళ్ళు గెలుస్తరా?"

"గెలువరు. గెలుసుడు లేదు. బండ్లన్ని ఏరు దాటేదాంక ఫౌజును ఆపాలె. గదే ఆట."

రూల్లు ఆయనే రాసిండు. మా ఇంట్ల నవారు మంచం మీద చెక్క పలక ఏసి ఆడి చూసుడు మొదలువెట్టినం. ఆయన కోట దిక్కు, నేను ఢిల్లీ దిక్కు. ఒక రూలు పెట్టుడు, ఆడుడు, అది కుదరకపోతె కొట్టేసి ఇంకోటి రాసుడు. ఒకసారి గుర్రాలు మరీ జల్ది వచ్చి బండ్లన్ని పట్టుకునేటియి. ఇంకోసారి బండ్లు మోటారు లెక్క ఉరికేటియి, ఫౌజు ఉత్తగ నిలబడేది.

"ఈ కన్ను ఉన్నప్పుడే ఒక్కసారి చూడాలె రాయమల్లు," అనేటోడు. "ఆఖరి బండి ఏరు దాటంగ చూడాలె. దొంగాట కాదు. రూలు ప్రకారం."

ఆయన కోరిక గంతే. ఇంకేం అడుగలే నన్ను.

ఎలుకలు తిన్నంక బియ్యం బంజేసినం. చౌరస్తాల మొబైల్ రిపేరు చేసే కిషన్ దగ్గర సోల్డరింగు తీగ తెచ్చి, చిన్నచిన్న ముక్కలు కోసి సిపాయిలను చేసిన. ఒక కొస వంచితె కాళ్ళు, ఇంకో కొస చిదిమితె తలకాయ. లింగవ్వ పూసల దండ తెగితె ఆ పూసలు చక్రాలు చేసి, అగ్గిపుల్లలు అతికి ఐదు బండ్లు చేసిన. ఏలుతోని నూకితె ఉరికెటియి.

"నా దండ మంచిగున్నప్పుడు కంటికి కనపడలే," అన్నది లింగవ్వ. "తెగినంక బండ్లకు పనికొచ్చిందా?"

కోట గోడ కాడ మాకు పేచి వచ్చింది. ఆయన రాసిన రూలు ప్రకారం నేను గోడ మీదికి పోయి పాచికేస్తె ఆరు పడ్డదంటె గోడ కూలినట్టే.

"గట్ల కూలది," అంటి నేను.

"మరెట్ల కూలుతది?"

"ముందు చప్పుడు చేస్తది. కట్టె అరుస్తది. కప్పు నుంచి మన్ను రాలుతది. గప్పుడు మనిషికి జరంత టైం ఉంటది. తర్వాతనే పడుతది."

ఆయన పెన్ను పట్టుకొని కొద్దిసేపు నన్నే చూసిండు. కాగితాన్ని కన్ను దగ్గరికి తెచ్చుకొని రాసిండు. ఆరు పడితె గోడ చప్పుడు చేస్తది. ఇంకో వంతు అయినంకనే కూలుతది. ఆ ఒక్క వంతుల కోటోడు ఉండాల్నా, ఉరకాల్నా చూసుకోవాలె. ఆ రూలు పెట్టినంక ఆటకు పానం వచ్చింది. గోడ చప్పుడు చేసినప్పుడల్ల అన్న గడ్డం పట్టుకొని కూసునేటోడు. ఉరికితె సిపాయిలు బతుకుతరు. ఉంటె బండ్లకు ఇంకో వంతు దొరుకుతది.

ఇంకో రూలు గూడ అట్లనే వచ్చింది. మధ్యాహ్నం ఊరి పక్క ఓపెన్‌కాస్టుల, బొగ్గు కోసం తవ్విన పెద్ద గుంతల, బ్లాస్టింగు అయితది. మా ఇండ్లు అదురుతయి, గిన్నెలు మోగుతయి. ఒకనాడు మంచి ఆట నడుమ బ్లాస్టింగయింది. కోటల ముగ్గురు పక్కకు ఒరిగిండ్రు.

"నీ మనుషులు ముగ్గురు పోయిండ్రు," అంటి.

"అరే, వాళ్ళు బ్లాస్టింగుకు పడ్డరు."

"పడ్డోడు పడ్డట్టే గదనే అన్న."

"ఏడువందల ఏండ్ల కింద బ్లాస్టింగు ఏడిదయ్యా?" అని గరమైండు. అప్పుడే రాసిండు. బ్లాస్టింగుకు పడ్డది లెక్కకు రాదు. లేపి, ఏడున్నదాన్ని ఆడనే పెట్టాలె.

లింగవ్వ చాయ్ పెడుతు, "మా గోడకు పడ్డ పగులు గూడ గట్లనే లెక్కకు రాదు," అన్నది.

రూల్లు ఒక దారికి వచ్చినయి. ఇగ జాగ చెయ్యాలె. ఉత్త పలక మీద ఆడితె అది లడాయి లెక్క లేదు, లూడో లెక్క ఉన్నది అన్నడు అన్న. పెద్ద కాగితం మీద నక్ష గీసి ఇచ్చిండు. ఉల్లిగడ్డను అడ్డంగ కోసినట్టు ఒకదాని లోపల ఒకటి గీతలు. బయటి గీత మీద సున్న. లోపలికి పోయినకొద్ది ఒకటి, రెండు, మూడు. నడుమ చిన్న గీత మీద ఆరు, అండ్ల కోట.

"ఒక్కో గీతకు ఒక్కో థర్మాకోల్ పలక," అన్నడు. "గీత ఎంబడి కొయ్యాలె. నీకు తెలుసు గద."

తెలుసు. నక్ష చూసుడు నాకు కొత్త గాదు.

టీవీలు, ఫ్రిజ్జులు అమ్మే దుకాణం ఎనుక పారేసిన థర్మాకోల్ అంత తెచ్చిన. వానకాలమంత గదే పని. హెక్సా బ్లేడు కాలవెట్టి కోస్తె అంచు నున్నగ వచ్చేది. కోటకు నల్ల పలకరాయి చిన్న పెళ్ళలు ఏరి అతికిన. తాగి పారేసిన చాయ్‌పత్త ఎండవెట్టి మన్ను చేసిన. గిన్నెలు తోమే పీచు తెంపి, ఆకుపచ్చ రంగుల ముంచి, చెట్లు చేసిన. ఏరుకు ఏం దొరకలే. పెట్టెల నా ఛాతి ఎక్స్‌రే ఉండె. బాయిల ఉన్నప్పుడు దవాఖానల తీసింది. దాని ఎనుక నీలం రంగేసి, పట్టీ లెక్క కోసి పెట్టిన. పక్కబొక్కలు నీళ్ళ మీద అలలోలె కనపడ్డయి.

అన్నకు హైదరాబాదుల పెద్ద సూది తేది వచ్చింది. పోయే ముందు చూసిపోతనని వచ్చిండు. నేను దుప్పటి తీసిన.

ఆయన వంగి, ఎడమ కన్ను దగ్గరికి పెట్టి చూసిండు. చుట్టు తిరిగిండు. మళ్ళ చూసిండు.

"రాయమల్లు, కోట బాయిల ఎందుకున్నది?"

"నువ్వు గీసినట్టే చేసిన. సున్న మీద మొదలై ఆరు దాంక దిగింది."

"దిగుడేందయ్యా! అది గుట్ట. గుట్ట మీద కోట. ఎక్కాలె."

నేను నక్ష చూసిన. బల్ల మీద చూసిన. ఓపెన్‌కాస్టే. మెట్టు మెట్టుకు బెంచీలు దిగుకుంట పోయినయి, అడుగున కోట. ఇన్ని రోజులు చేసిన గని, ఒక్కసారి అనుమానం రాలే. ఇలువైనది ఏదైనా కిందనే ఉంటది గద, దాసుకున్నరేమొ అనుకున్న.

అదే చెప్పిన ఆయనతోని.

అన్నకు నవ్వు మొదలైంది. కుర్సిల కూసోని, కడుపు పట్టుకొని, కండ్లెంబడి నీళ్ళు కారేదాంక నవ్విండు. "తప్పు నాదే తమ్మీ. నౌకరంత కిందికే లెక్కవెట్టిన. అంకె పెరిగితె లోతు పెరిగినట్టే నాకు. మీదికి గూడ అంకెలు పెరుగుతయని యాదికే లేదు. మీదికి అని ఒక్క ముక్క రాయకపోతి."

"ఇద్దరు ముసలోళ్ళు కలిసి ఇంత పెద్ద గుట్టను మాయం జేసిండ్రు," అన్నది లింగవ్వ.

పోయే ముందు ఆయన మళ్ళ ఒకసారి వంగి ఆ బాయిని మంచిగ చూసిండు. ఏలుతోని ఒక్కొక్క బెంచి ముట్టుకున్నడు. "అచ్చం అసలుదాని లెక్కనే ఉన్నది," అన్నడు. "నేను వచ్చేవరకు గుట్ట చెయ్యి. వచ్చినంక ఆడుదాం. చూసుకుంట ఆడుదాం."

నేను మళ్ళ థర్మాకోల్‌కు పోలే. పలకలల్ల నుంచి కోసి తీసిన నడిమి ముక్కలన్ని మంచం కిందనే ఉండె. లింగవ్వ పారేస్తనంటె నేనే వద్దంటి. పెద్దది కింద, దాని మీద చిన్నది, దాని మీద ఇంకా చిన్నది పేర్చిన. బాయిల నుంచి తీసింది తీసినట్టె పేర్చితె గుట్ట అయింది. ఓపెన్‌కాస్టు పక్కన మట్టిగుట్ట ఎట్ల అయితదో గట్లనే. కోటను ఊడవీకి మీద పెట్టిన. చాయ్‌పత్త చల్లిన. ఎక్కే తొవ్వకు ఇసుక అతికిన. ఈసారి రంగు గూడ మంచిగ కుదిరింది. పొద్దుగాల కిటికిల నుంచి ఎండ పడితె కోట నీడ ఏరు దాంక వచ్చేది. అన్న చూస్తె ఏమంటడో అనుకునేటోన్ని.

ఒకనాడు గేటు చప్పుడైంది. అన్న రెజీనా భుజం మీద చెయ్యేసి లోపలికి వచ్చిండు. మా ఇంటి కడప ఆయనకు నాకంటె ఎక్కువ తెలుసు. దానికే కాలు తట్టుకున్నడు.

లింగవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది.

"నిలబడలే రాయమల్లు," అన్నడు. "గోడ గూడ చప్పుడు చేస్తదంటివి. నా కన్ను చప్పుడు చెయ్యలే. పొద్దుగాల ఉండె. మాపటికి లేదు."

ఆయన చెయ్యి పట్టుకపోయి గుట్ట అడుగున పెట్టిన. ఆయన చేతి ఏళ్ళు మెల్లగ ఎక్కుడు మొదలువెట్టినయి. "ఒకటి," అన్నడు. "రెండు... మూడు..." చెట్టు తగిలితె ఆగిండు, పక్క నుంచి పోయిండు. ఆరు కాడ కోట గోడ దొరికింది. అక్కడ చెయ్యి పెట్టి చానసేపు తియ్యలే.

బాయిని చూసిండు. గుట్టను చూడకపాయె.

రెజీనా బైటికి పిలిచింది. "కాక, డాడీని గోలేటి తీస్కపోతున్న. ఆదివారం ప్రార్థన అయినంక పోతం. ఇగ ఒక్కన్ని ఇడిసిపెడుడు నాతోని కాదు."

"మంచిదే బిడ్డా."

"పోయే ముందు ఆ ఆట ఒకసారి ఆడుతనంటున్నడు. దవాఖానల పండుకొని గూడ గదే మాట. నువ్వు జర... ఆయనను గెలిపియ్యి కాక. ఆయనకు కనపడది గద. నువ్వు ఎట్ల చెప్తె గట్ల."

నేను తలకాయ ఊపలే. కాదనలే.

శనివారం కూసున్నం. అన్న ఒక దిక్కు, నేను ఒక దిక్కు, రెజీనా తలుపు కాడ పీట మీద. తీగ సిపాయిలను పట్టుకుంటె వంగుతరని ఆయన ముట్టుకోలే. ఏడ ఎవ్వడున్నడో నేను చెప్పుడు, ఎటు జరుపాల్నో ఆయన చెప్పుడు. పాచిక ఇద్దరిది నేనే ఏసిన.

"ఎంత?"

"మూడు."

"మరి ఇప్పుడు?"

"ఒకటే పడ్డది అన్న."

"నీ దగ్గరికి పోయినంక నా పాచిక గూడ ఢిల్లీతోనే కలిసిందిరా," అని నవ్విండు. నక్ష అంత ఆయన తలకాయలనే ఉండె. నేను చెప్పకముందే, "తూర్పు తొవ్వకు నీ గుర్రాలు వచ్చి ఉంటయి గద ఇప్పుడు," అనేటోడు. వచ్చే ఉండెటియి.

రెండు బండ్లు దాటినయి. నేను గోడ మీదికి పోయిన. ఆరు పడ్డది.

"గోడ చప్పుడు చేసింది," అంటి.

అన్న గడ్డం పట్టుకున్నడు. ఎప్పటి లెక్కనే. "కోటల ఎంతమంది మిగిలిండ్రు?"

"నలుగురు."

"ఉరికితె బతుకుతరు."

"బతుకుతరు."

"ఉండనీ," అన్నడు.

గోడ కూలింది. ఆ నలుగురిని నేను పక్కకు తీసిపెట్టిన. వాళ్ళు ఆపిన ఆ ఒక్క వంతుల ఇంకో రెండు బండ్లు దాటినయి. ఐదోది ఏటి ఒడ్డుకు వచ్చి ఆగింది. నా గుర్రాలు దాని ఎనుకనే ఉన్నయి. ఇగ నాది ఒక వంతు. ఐదు గాని ఆరు గాని పడితె బండి దొరుకుతది. తక్కువ పడితె బండి దాటుతది.

అన్న ముందుకు వంగి కూసున్నడు. చూసెటోని లెక్కనే కూసున్నడు.

నేను పాచిక చేతిల పట్టుకున్న. గప్పుడే బ్లాస్టింగయింది.

కిటికి గడగడలాడింది. అర్రల గిన్నె ఒకటి కిందపడ్డది. గుట్ట మీద నుంచి చాయ్‌పత్త రాలింది. ఒడ్డు మీద నిలబడ్డ బండి పూసల చక్రాల మీద కదిలింది. ఎక్స్‌రే మీద జారింది. నా పక్కబొక్కల మీద నుంచి ఉరికి, అవతలి ఒడ్డుకు తట్టుకొని ఆగింది.

రెజీనా లేచి నిలబడ్డది. రెండు చేతులు నోటి మీద పెట్టుకున్నది. నన్నే చూస్తున్నది.

"ఏందో ఉరికింది," అన్నడు అన్న. "బండా?"

"బండే."

"ఎటు?"

"అవతలికి."

రూలు పెట్టింది ఆయనే. ఆయన మాఫ్ అంటె మాఫ్. నేను ఎదురుచూసిన. ఆయన గూడ ఎదురుచూసిండు. నేను ఏమంటనో అని.

"బ్లాస్టింగుకు పడ్డది లెక్కకు రాదు గదనే అన్న," అంటి.

"రాదు," అన్నడు మెల్లగ.

బండిని పట్టుకొని ఇవతలి ఒడ్డున, ఏడున్నదాన్ని ఆడనే పెట్టిన. పాచిక ఏసిన. అది బల్ల మీద దొర్లి, కోట కింద ఆగింది.

"ఎంత?"

"ఐదు."

రెజీనా బైటికి పోయింది. చెప్పులు ఏసుకోకుంటనే పోయింది. లింగవ్వ ఆమె ఎనుక పోయింది.

అన్న చెయ్యి చాపిండు. నేను పట్టుకొని ఏటి ఒడ్డుకు తీస్కపోయిన. ఆయన ఏళ్ళకు బండి దొరికింది. చక్రాలు తడిమిండు. ఇవతలనే ఉన్నది. దాని పక్కన గుర్రాలు తగిలినయి.

"దాటిందంటె నమ్ముదును," అన్నడు.

"తెలుసు."

"నమ్ముదును గని, రేపటి నుంచి నీ మాట..." అని ఆగిండు. మిగిలింది చెప్పలే. బండిని ఏలుతోని ఒకసారి ముందుకు, ఒకసారి ఎనుకకు దొర్లించిండు. గుడ్డికన్నుల నుంచి గూడ నీళ్ళు వస్తయని నాకు అప్పుడే తెలిసింది.

"రూల్లు మంచిగనే కుదిరినయి తమ్మీ," అన్నడు ఆఖరికి. "ఇగ ఏం మార్చొద్దు."

ఆదివారం కారు వచ్చింది. గుట్టను లింగవ్వ పాత చీరల కట్టి ఆయన ఒడిల పెట్టిన. సిపాయిలను అగ్గిపెట్టెలల్ల, ఏటిని గుండ్రంగ చుట్టి సంచిల పెట్టిన. రెజీనా నాతోని మాట్లాడలే. కారు కదిలెటప్పుడు మాత్రం కిటికి దించి, "పోయొస్తం కాక," అన్నది. అన్న చెయ్యి కోట మీదనే ఉన్నది. తల నా దిక్కు తిప్పిండు గని, జరంత పక్కకు తిప్పిండు, నేను లేని దిక్కుకు. నేను పోయి ఆ దిక్కు నిలబడ్డ.

బాయి నా దగ్గరనే ఉండిపాయె. పలకలన్ని అట్లనే మంచం కింద ఉన్నయి, నడుమ బొందతోని. మధ్యాహ్నం బ్లాస్టింగయితె థర్మాకోల్ ఒకదానికొకటి రాసుకొని కిర్రుమంటది. ఉత్తగ జాగ ఆపుకున్నది, పారేస్తనంటది లింగవ్వ. నేను ఏమనను. ఆమె ఊడ్సి, మళ్ళ ఏడున్నదాన్ని ఆడనే పెడుతది.